కడుపు నిండాలి, పొట్ట పెరగొద్దు

మా బావకు పొట్ట వచ్చినప్పుడు ఊరంతా సంతోషపడింది. అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా అమ్మ. పెళ్లినాడు ఆయన పక్కటెముకలు చూసి "పిల్లను ఎండుకట్టెకు కట్టబెడుతున్నరు" అని మా మేనత్తలు చెవులు కొరుక్కున్నారు. పన్నెండేళ్ల తర్వాత అదే మనిషికి చొక్కా గుండీల మధ్య నుంచి బొడ్డు కనిపించేసరికి, మా అమ్మ ఆ మేనత్తలను పిలిచి మరీ చూపించింది. "కంపిని బువ్వ నా అల్లునికి ఒంటబట్టింది" అంది. బావ సిగ్గుపడి తువ్వాలు కప్పుకున్నాడు.

ఆయన పేరు చిన్నరాములు. మా అక్క సంగమ్మ భర్త. నేను మొగులమ్మను, పాశమైలారం పక్కన మా ఊళ్లో అంగన్‌వాడీ నడిపాను. పిల్లలను తూకం వేసి, పిండి కలిపి పెట్టి, తల్లులకు చెప్పినమాటే చెప్పి బతికినదాన్ని. నాకు నోరెక్కువ అని ఊళ్లో పేరు. ఆ నోరు కూడా లేకపోతే బావ సంగతి ఇప్పుడు చెప్పేవాళ్లే ఉండరు.

బావకు వాగు పక్కన కొంత పొలం ఉండేది. కంపెనీలు వచ్చాక ఆ వాగులో నీళ్లు ఒకరోజు నురగతో వచ్చేవి, ఒకరోజు చాయ్ రంగులో వచ్చేవి. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. వరి పొట్టకు వచ్చి తాలుపోయేది. రెండు పంటలు చూశాడు, మూడో పంట వేయలేదు. ఏ గేటు వెనక నుంచి ఆ నీళ్లు వస్తున్నాయని ఊరంతా అనుకునేదో, ఆ గేటు ముందే పని కోసం నిలబడ్డాడు. అది ఎనభై నాలుగో సంవత్సరం. కంపెనీ పేరు చెప్పను. అది మూడుసార్లు మారింది. బోర్డు మారినప్పుడల్లా రంగులు వేశారు గానీ లోపల పని మాత్రం అదే.

మందుబిళ్లలకు ముడిసరుకు తయారుచేసే కంపెనీ అది. దాంట్లో ఇల్లంతేసి ఉక్కు గాబులు ఉంటాయి. రియాక్టర్లు అంటారు. మందు వండి తీసేశాక వాటి అడుగున మడ్డి మిగులుతుంది, మన పాలగిన్నె అడుగంటినట్టు. దాన్ని గోకడానికి మనిషి దిగాలి. పైన మూత దగ్గర గుండ్రటి కంత ఒకటి ఉంటుంది. నడుముకు తాడు, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి అందులోంచి లోపలికి జారాలి. ఆ పని చేసేవాళ్లను లోపలి మనుషులు అనేవారు. బయటి కూలీలకు లారీ వస్తేనే పని, రాకపోతే చెట్టుకింద కునుకు. లోపలి మనుషులకు ఏడాది పొడుగునా పని. మా బావ సన్నగా, పాములా ఉండేవాడు కాబట్టి మొదటి రోజే లోపలి మనిషయ్యాడు. దాన్ని ఆయన అదృష్టం అనుకున్నాడు. మేమూ అనుకున్నాం.

బయటికి వచ్చినవాళ్లకు ఒక బెల్లంగడ్డ, రెండు అరటిపండ్లు ఇచ్చేవారు. బెల్లం తింటే ఛాతీలోకి పోయిన వాసనంతా కొట్టుకుపోతుందని కంపెనీవాళ్ల నమ్మకం. అంత నమ్మకం ఉన్న పెద్దసార్లలో ఒక్కరు కూడా ఒక బెల్లంగడ్డ నోట్లో వేసుకుని లోపలికి దిగి చూపించలేదు.

ఒకసారి బీరంగూడ నుంచి వచ్చిన లావుపాటి కూలీ ఒకడు ఆ కంతలో ఇరుక్కున్నాడు. సబ్బునీళ్లు పోసి లాగేసరికి పూట పని పోయింది. కంపెనీవాళ్లు కాంట్రాక్టర్ సూర్యప్రకాశరావును పిలిచి గడ్డి పెట్టారు. ఆయన ఏం చేశాడంటే, పాడైపోయిన రియాక్టర్ ఒకదాని కంత చుట్టూ ఉండే ఇనుప చట్రాన్ని కోయించి తెచ్చి, గేటు పక్కనున్న తన షెడ్డు దూలానికి వేలాడదీశాడు. ప్రతి సోమవారం పొద్దున లోపలి మనుషులు ఒక్కొక్కరూ దాంట్లోంచి దూరి అవతలికి రావాలి. దూరినవాడు లోపలికి, దూరనివాడు ఇంటికి. చేతి కడియంలా గుండ్రంగా ఉందని మావాళ్లు దానికి కడెం అని పేరు పెట్టారు. సోమవారం సాయంత్రం బోరింగు దగ్గర ఆడవాళ్లు "మీ ఆయిన దూరిండా?" అని ఒకరినొకరు అడిగేవారు. పిల్లలు బడిలో పాసయ్యారా అని అడిగినట్టే ఉండేది.

సూర్యప్రకాశరావు పొట్ట ఆయనకంటే ముందు షెడ్డులోకి వచ్చేది. ఆ కడెంలో ఆయన తలకాయ, ఒక చెయ్యి తప్ప ఇంకేదీ పట్టదు. పట్టాల్సిన అవసరమూ ఆయనకు రాలేదు.

తొంభై ఆరు ఎండాకాలంలో ఒక సోమవారం బావ కడెంలో నడుము దగ్గర ఆగిపోయాడు. ఊపిరంతా వదిలి, అటూ ఇటూ మెలితిరిగి ఎట్లాగో బయటపడ్డాడు. కాంట్రాక్టర్ చూడనే చూశాడు.

"రాములూ, పొట్ట తగ్గించుకో. నీకోసం కడెం పెద్దది చేయించలేను. అవతల బీహారు కుర్రాళ్లు వరసలో నిలబడి ఉన్నారు" అన్నాడు.

ఆ సాయంత్రం బావ అంగన్‌వాడీ దగ్గరికి వచ్చాడు. వెనకాలే అక్క. ఇద్దరూ గడప దగ్గర కూర్చున్నారు.

"మొగులమ్మా, నీకు సర్కారోళ్లు తిండి గురించి ట్రైనింగ్ ఇచ్చిన్రు గద" అన్నాడు బావ. "కడుపు నిండాలె, పొట్ట పెరగొద్దు. గసొంటిది ఏమన్న ఉన్నదా?"

"పోరగాండ్లు ఎట్ల పెరగాలెనో చెప్పిన్రు బావా. ఎట్ల తగ్గాలెనో నాకెవరు చెప్పలే" అన్నాను.

"బువ్వ తగ్గించు మరి" అన్నది అక్క.

"బువ్వ తగ్గిస్తె ఎట్లనే? ఖాళీ కడుపుతోటి దిగితె ఆ వాసన నెత్తికి ఎక్కుతది. కండ్లు తిరుగుతయి. ఏదో ఒకటి లోపట నిండ ఉండాలె."

మా బావ తిండి మనిషి. వేడి అన్నం పొగలు కక్కుతుంటే మటన్ కూర వేసుకుని, మూలుగబొక్క చప్పరిస్తూ కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా లేచేవాడు కాదు. పని దిగాక గేటు ముందు హోటల్లో మిరపకాయ బజ్జీలు, చాయ్ లేనిదే ఇంటిదారి పట్టేవాడు కాదు. అట్లాంటి మనిషి ఆ రోజు నుంచి అన్నం పిడికెడు చేశాడు. బజ్జీల వైపు చూడటం మానేశాడు. మిగిలిన కడుపు దేనితో నింపాలన్నది మా ఇంటి సమస్య అయింది.

అక్క మొదట జొన్నపేలాలు వేయించి పెట్టింది. సంచెడు తిన్నా గాలి తిన్నట్టే, చాయ్ పొద్దుకే ఆకలి. తర్వాత కీరలు. ఉప్పు చల్లుకుని కరకరా తింటే కడుపు నిండినట్టే ఉండేది గానీ, లోపలికి దిగాక తడిగుడ్డ కింద తేన్పులు వచ్చి ఒకరోజు కక్కుకున్నాడు. తైదల అంబలి, అంటే రాగి జావ, మజ్జిగలో పలచగా కలిపి పంపింది. అది మంచిదే, కానీ గంటకోసారి ఒంటికి లేవాలి. లోపలి నుంచి మాటిమాటికీ తాడు లాగమంటే పైనున్నవాళ్లు అమ్మనక్కన తిట్టేవాళ్లు. సొరకాయ ముక్కలు ఉడకబెట్టి డబ్బాలో పెడితే తోటివాళ్లు "బాలింత వచ్చింది, జరగుండ్రి" అని ఆటపట్టించారు. తాటిముంజలు అన్నిటికంటే బాగా కుదిరాయి. రెండు డజన్లు తిన్నా పొట్ట మీదికి రాలేదు. కానీ ముంజలు మన ఉద్యోగాల కోసం ఏడాదంతా కాయవు కదా, వానపడగానే అయిపోయాయి.

అక్క అప్పట్లో పటాన్‌చెరు దగ్గర వ్యవసాయ పరిశోధన ఫారంలో కలుపు తీయడానికి పోయేది. అక్కడ గింజలను పరీక్ష చేసే మేడం ఒకామె కూలీలతో మంచిగా మాట్లాడేది. అక్క ఆమెను అడిగింది.

"క్యాలరీలు తక్కువుండి, పీచు ఎక్కువున్న తిండి పెట్టు సంగమ్మా" అన్నదట మేడం. "గుగ్గిళ్లు మంచివి. నూనె వెయ్యకు."

"క్యాలరీ అంటే ఏంది మేడం?"

"తిండిలో ఉండే శక్తి."

అక్క ఆ మాటను అపురూపంగా ఇంటికి మోసుకొచ్చి నాకు చెప్పింది. ఆ మేడంను నేను ఏమీ అనను, అడిగిన దానికి ఆమె సరైన జవాబే చెప్పింది. ఒంట్లో శక్తి తప్ప ఇంకో ఆస్తి లేని మనిషికి, శక్తి తక్కువున్న తిండి ఎక్కడ దొరుకుతుందా అని మేం ఊరూరా తిరిగి అడుగుతున్నామన్నమాట. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గుగ్గిళ్లను మేం గుడాలంటాం. అట్లా మా ఇంటికి ఉలువ గుడాలు వచ్చాయి. రాత్రి ఉలువలు నానబెట్టి, తెల్లారి ఉడకబెట్టి, నీళ్లు వంపేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తరిగి, ఉప్పు చల్లేది. నూనె చుక్క లేదు. అవి నమిలేసరికే దవడలు అలసిపోయేవి. ఒక గిన్నెడు తింటే మధ్యాహ్నం దాకా కడుపు ఆకలి ఊసెత్తేది కాదు. ఉలువలు కొవ్వు కరిగిస్తాయని మా అమ్మ కూడా వంత పాడింది. అదే నోటితో ఆ పొట్టను చూసి మురిసిందని ఎవరూ గుర్తుచేయలేదు.

తర్వాతి సోమవారం బావ కడెం దూరాడు. అయినా భయంతో ప్రతి సోమవారం పొద్దున అక్క ఆయన పొట్టకు పల్లినూనె పూసి పంపేది. తినేదాంట్లోకి లేని నూనె పొట్ట మీదికి మాత్రం వచ్చింది.

కంపెనీ ఇచ్చే బెల్లంగడ్డ, అరటిపండ్లు తువ్వాలులో మూటకట్టి పిల్లలకు తెచ్చేవాడు. "నువ్వు తిను బాపూ" అని బిడ్డ సంతోష అడిగితే "నాకు బెల్లం పడది బిడ్డా, పండ్లు గుంజుతయి" అనేవాడు. జీతం రోజు బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చి, పిల్లలకు పంచి, తాను గోడకు ఆనుకుని గుడాలు నములుతూ కూర్చునేవాడు. ఆ పిల్ల కళ్లతో చూసింది అదే. "మా బాపుకు గుడాలంటే పానం" అని వీధిలో అందరికీ చెప్పేది. తన గిన్నెలో చివరి పిడికెడు మిగిల్చి తండ్రి కోసం దాచేది. బావ ఆ పిడికెడు కూడా తినేవాడు. ఏం చేస్తాడు మరి.

సంగారెడ్డి బస్టాండులో రంగురంగుల లైట్లు తిరిగే తూకం మిషన్ ఉండేది. రూపాయి వేస్తే అట్టముక్క మీద బరువు వచ్చేది, వెనక జాతకం. బావ సంగారెడ్డికి ఏ పని మీద పోయినా దానిమీద నిలబడకుండా వచ్చేవాడు కాదు. ప్రతిసారీ బరువు తగ్గేది. ఆ అట్టముక్కను చొక్కాజేబులో పెట్టుకుని మురిసిపోయేవాడు. ఒకసారి దాన్ని కాంట్రాక్టర్‌కు కూడా చూపించాడట. "నీ బరువుతో నాకేం పని రాములూ, కడెంలో దూరు చాలు" అన్నాడట ఆయన.

ఆయన అన్నదాంట్లో ఒక నిజముంది. బరువు తగ్గుతూనే ఉంది, పొట్ట మాత్రం తగ్గలేదు. రెండేళ్లు పోయేసరికి నూనె ఎంత పూసినా కడెం దగ్గర చర్మం గీరుకుపోయేది. అక్క పిడికెడు అన్నాన్ని సగం పిడికెడు చేసింది. గుడాల్లో ఉలువలు తగ్గించి కీరముక్కలు పెంచింది. పొట్ట తగ్గకపోతే తిండి ఇంకా ఎక్కువవుతోందనే అనుకున్నారు ఇద్దరూ. ఊళ్లో కూడా "ఎంత దొంగచాటుగ తింటుండో" అని నవ్వేవాళ్లు. మనవాళ్లకు పొట్ట కనబడితే తిండే గుర్తొస్తుంది, ఇంకేదీ రాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం బావ అంగన్‌వాడీ అరుగు మీద చొక్కా విప్పుకుని గాలికి కూర్చున్నాడు. నా ఎదురుగా గోడకు సర్కారువాళ్లు ఇచ్చిన పటం ఉంది. తిండి అందని పిల్లవాడి బొమ్మ అది. కాళ్లు చేతులు పుల్లల్లా ఉంటాయి, పొట్ట మాత్రం కుండంత. ఆ పటం చూపించి ఎందరు తల్లులను భయపెట్టానో లెక్కలేదు. ఆ రోజు బొమ్మను చూశాను, బావను చూశాను. భుజాల మీద మాంసం లేదు. దవడలు లోపలికి పోయాయి. కళ్ల తెల్లగుడ్లు పసుపు కలిపిన నీళ్ల రంగులో ఉన్నాయి.

"బావా, గది బలుపు గాదు. ఏదో రోగం. దవాఖానకు నడువు" అన్నాను.

"రేపు సోమవారం గదనే. కడెం అయినంక పోదం."

"కడెం మన్నుగాను. ఇప్పుడే నడువు."

"ఒక్క సోమవారం పోకపోతె బీహారు పిలగాడు దూరుతడు మొగులమ్మా. ఇగ నేను ఏడికి దూరాలె?" అన్నాడు. కోపంగా అనలేదు, నన్ను సముదాయిస్తున్నట్టే అన్నాడు.

అక్కకు చెప్పాను. అక్క ఏడ్చింది, బతిమాలింది, తెల్లారి మళ్లీ నూనె పూసింది.

ఆ సోమవారం ఆయన కడెంలో ఇరుక్కుపోయాడు. రెండు చేతులూ పైకెత్తి, తల బయటపెట్టి, నడుము దగ్గర బిగిసి, ముందుకూ వెనక్కీ రాలేక దూలానికి వేలాడాడు. చుట్టూ ఉన్నవాళ్లు మొదట నవ్వారట. తర్వాత కాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. పొట్ట చుట్టూ చర్మం లేచిపోయింది. "ఎన్నిసార్లు చెప్పాను నీకు తిండి తగ్గించమని" అన్నాడు సూర్యప్రకాశరావు. ఆ మాట బావే ఇంటికి వచ్చి మాకు చెప్పాడు. చెబుతూ తల దించుకున్నాడు, తిండి తగ్గించలేకపోయినందుకు.

ఆ మర్నాడే నేనూ అక్కా కలిసి ఆయనను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టర్ పొట్టను ఒకపక్క నొక్కి రెండోపక్క తట్టి చూశాడు. కళ్లు చూశాడు, కాళ్ల వాపు చూశాడు.

"ఇది కొవ్వు కాదమ్మా, నీళ్లు. లివర్ పూర్తిగా పాడైంది. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నాడు?"

"పండుగకు పబ్బానికి జెర కల్లు తాగుతడు సారూ, గంతే" అన్నది అక్క.

డాక్టర్ నమ్మలేదు. అట్లా చెప్పే భార్యలను రోజుకు ఎంతమందిని చూస్తాడో. ఈయన పద్నాలుగేళ్లుగా మందుల కంపెనీలో రియాక్టర్లలోకి దిగి మడ్డి గోకుతున్నాడని నేను చెప్పాను. ఆయన తలూపాడు గానీ, రాసింది మాత్రం తాగుడు గురించే.

"ఏం తింటాడు?"

ఈ ప్రశ్నకు అక్క ముఖం కాస్త వెలిగింది. ఆమెకు జవాబు బాగా వచ్చిన ప్రశ్న అదొక్కటే. "ఉలువ గుడాలు సారూ. కీర ముక్కలు. బువ్వ గింత. నూనె చుక్క ఎయ్య" అన్నది.

డాక్టర్ రాయడం ఆపాడు. "మనిషి చిక్కి శల్యమైపోయాడు. ఒంట్లో కండ అన్నది లేదు. ఇట్లాంటి మనిషికి కడుపు మాడ్చమని ఎవరు చెప్పారమ్మా మీకు?"

బావే నెమ్మదిగా "కడెం సారూ" అన్నాడు. డాక్టర్‌కు అర్థం కాలేదు, అడిగేంత తీరికా లేదు.

పొట్టలోకి గొట్టం పెట్టి నీళ్లు తీశారు. బకెట్టు నిండింది. గోధుమరంగు నీళ్లు. ఇన్నేళ్లు మేం ఆకలితో కరిగించాలని చూసింది ఆ నీళ్లనే. పొట్ట ఖాళీ సంచిలా వెన్నుకు అంటుకుంది. మంచం మీద పడుకున్న బావ చేత్తో పొట్టను తడిమి చూసుకున్నాడు. మళ్లీ తడిమాడు. ముఖమంతా నవ్వయింది.

"మొగులమ్మా, ఇగ కడెంల పడ్త గదనే" అన్నాడు.

నేను బయటికి వచ్చి వరండాలో నిలబడి, ఎవరినో తెలియకుండానే తిట్టాను. ఎంతసేపు తిట్టినా తీరలేదు.

ఇంటి దగ్గర కదలకుండా పడుకోవాలని, మంచి తిండి పెట్టాలని, కంపెనీ వైపు చూడొద్దని చెప్పి పంపారు. అక్క అన్నం వండింది, పప్పు చేసింది, గుడ్డు ఉడకబెట్టింది. బావ రెండు ముద్దలు తిని గిన్నె జరిపేసేవాడు. లివర్ పాడైన మనిషికి ఆకలి ఉండదట. కానీ ఆయన ఆకలి లేక జరిపాడో, సోమవారం గుర్తొచ్చి జరిపాడో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు వారాలకు ఒక సోమవారం పొద్దున మంచం ఖాళీగా ఉంది. మేమిద్దరం ఉరికాం. గేటు దాటనివ్వలేదు. ఊచల మధ్య నుంచి షెడ్డు కనిపిస్తోంది. బావ చొక్కా విప్పాడు, చేతులు పైకెత్తాడు, దూరాడు. నూనె లేదు, మెలితిరగడం లేదు. వదులు గాజులోంచి చెయ్యి తీసినంత సులువుగా అవతల తేలాడు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

"శభాష్ రాములూ!" అన్నాడు సూర్యప్రకాశరావు. "నెలలో ఇంత తగ్గావు, ఏం తిన్నావయ్యా?"

"గుడాలు సార్."

"మా ఆవిడకు చెప్పాలి" అని ఆయన తన పొట్ట నిమురుకున్నాడు.

ఆ రోజు బావ లోపలికి దిగాడు. ఆ తర్వాత ఇంకో రెండు సోమవారాలు కూడా కడెం దూరాడు. అక్క అడ్డం పడుకుంటే దాటుకుని పోయాడు. "జెర పాత పేరు నిలబెట్టుకోని, తర్వాత బయటి పనికి మారుత" అనేవాడు. తర్వాత నీళ్లు మళ్లీ నిండాయి. ఈసారి పొట్టను చూసి ఊళ్లో ఎవరూ నవ్వలేదు. తొంభై ఎనిమిది శ్రావణంలో, చినుకులు పడుతుండగా, ఇంట్లోనే పోయాడు. కల్లు ఎక్కువై పోయాడని కంపెనీ గేటు దగ్గర అనుకున్నారు. ఆయన చోట్లో ఎవరో దూరారు. ఎవరో నేను అడగలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, పూడ్చిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినాయన తృప్తిగా తిన్నట్టు. ఆ పిట్టను అదిలించకూడదు, చప్పుడు కూడా చేయకూడదు.

అక్క ఆ పొద్దున పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. తవ్వెడు బియ్యం వండింది. మూలుగబొక్కలు ఏరి తెప్పించి మటన్ చేసింది. ఇంట్లో ఉన్న నూనెంతా బాణలిలో పోసి మిరపకాయ బజ్జీలు వేసింది. ఒక బెల్లంగడ్డ, రెండు అరటిపండ్లు పక్కన పెట్టింది. రెండేళ్లు ఆయన నోటికి పెట్టకుండా ఆపినవన్నీ విస్తరిలో గుట్టగా పోసింది.

అప్పుడు సంతోష వచ్చింది. పదేళ్ల పిల్ల. చేతిలో గిన్నె. రాత్రే ఎవరికీ చెప్పకుండా ఉలువలు నానబెట్టి, పొద్దున మా ఇంట్లో పొయ్యి మీద తానే ఉడకబెట్టింది. ఉల్లిగడ్డ కూడా సన్నగా తరిగింది, వాళ్ల అమ్మలాగే.

"అన్ని చేసినవ్ గని గివి మర్సినవ్ అమ్మా" అన్నది. "బాపుకు గివే గద ఇష్టం."

బావ వాళ్ల పెదనాయిన యాదన్న "పెట్టు బిడ్డా, తండ్రికి ఇష్టమైంది పెట్టాలె" అన్నాడు. పిల్ల విస్తరి అంచున గుడాలు పోసి, దండం పెట్టి వచ్చి నా కొంగు పట్టుకుంది.

కాసేపటికి కాకి వాలింది. అన్నం చుట్టూ ఒకసారి తిరిగింది. మటన్ దాటింది, బజ్జీలు దాటింది. పోయి గుడాల్లో ముక్కు పెట్టింది. ఒక గింజ, ఇంకో గింజ.

"సూసిన్రా" అన్నాడు యాదన్న చేతులు జోడించి. "పోయినా మర్వలే. గుడాలంటే గంత పానం ఆయినకు."

అందరూ దండం పెట్టారు. సంతోష ఏడుస్తూనే నవ్వింది, తాను గెలిచినట్టు.

అక్క ఒక్కసారిగా ఉరికింది. ఆపేలోపే విస్తరి దగ్గరికి పోయి, కాకిని కొంగుతో అదిలించి, రెండు చేతులతో గుడాలు ఎత్తి దూరంగా విసిరికొట్టింది. "పిట్టను కొడ్తవా, పాపం" అని పెద్దవాళ్లు కేకలేశారు. అక్కకు వినబడలేదు. కాకి లేచి, ఆమె విసిరిన చోటే వాలి, మట్టిలో నుంచి ఒక్కొక్క ఉలువగింజ ఏరుకుని తినడం మొదలుపెట్టింది. అక్క అన్నం ముద్ద కలిపి, మోకాళ్ల మీద కూర్చుని, దానివైపు చెయ్యి చాపింది.

"గవి గాదు" అన్నది. "ఇటు సూడు. ఇగ కడెం లేదు. బువ్వ తిను."